పచ్చిక, పాలు, చీజ్: ఒక స్విస్ కొండ ఊరి లెక్క

ఇంటర్‌లాకెన్ నుంచి లౌటర్‌బ్రునెన్‌కు రైల్లో 20 నిమిషాలు. చివరి మలుపు తిరిగేసరికి పెట్టెలో మాటలు ఆగిపోతాయి, ఫోన్లు పైకి లేస్తాయి. రెండు పక్కలా నిటారుగా లేచిన రాతి గోడలు, వాటి మీంచి దూకే జలపాతం, అడుగున చాప పరిచినట్టు పచ్చిక, మధ్యలో చర్చి గోపురం, చుట్టూ చెక్క ఇళ్లు. హిందీ సినిమా పాటల్లో, ఆ తర్వాత తెలుగు పాటల్లోనూ ఇలాంటి చోట్లను మనవాళ్లు చూసి చూసి ఉన్నారు. అందుకే మొదటిసారి దిగినవాళ్లకు కూడా ఎప్పుడో వచ్చి వెళ్లిన ఊరిలా అనిపిస్తుంది.

పాటల్లో కనపడనిది ఒకటుంది. గడ్డికోతల రోజుల్లో ఆ పచ్చిక వైపు కాస్త నిదానంగా చూస్తే, వాలు మీద ఒక మనిషి చక్రాలకు ఇనుప ముళ్లున్న చిన్న కోత యంత్రాన్ని అడ్డంగా నడుపుతూ కనిపిస్తాడు. ఉత్తి చేతులతో నిలబడటమే కష్టమైన వాలు అది. వెనక ఇంటిల్లిపాదీ పళ్లున్న పొడుగు కర్రలతో కోసిన గడ్డిని తిరగేస్తుంటారు. ఈమధ్య రోడ్ల మీద ఆకులు ఊదే బ్లోయర్లను వీపున తగిలించుకుని, ఎండిన గడ్డిని గాలితోనే వాలు కిందికి తోస్తున్నారు. చప్పుడు భరించలేం, కానీ నడుములు నిలుస్తాయి. ఫొటోలో నున్నగా పడే ఆ పచ్చదనం ఇలా ఏటా కోసి, మేపితేనే ఉంటుంది. కొన్నేళ్లు వదిలేస్తే ముందు పొదలు లేస్తాయి, తర్వాత అడవి దిగుతుంది.

స్విస్ కొండ ఊరి అందం గురించి రాసేవాళ్లు ప్రకృతి ఒడి అంటూ మొదలుపెడతారు. మంచు శిఖరాల వరకూ ఆ మాట నిజమే. వాటి కింద కనిపించే పచ్చటి వాలంతా మాత్రం మనిషి, ఆవు కలిసి కొన్ని వందల ఏళ్లు చేసిన పని. కంచంలోకి వచ్చే తిండి కూడా ఆ పనిలోంచి పుట్టిందే. మనిషి తినలేని గడ్డిని ఆవుకి పెట్టి, ఆ పాలను చలికాలం దాటేవరకు నిలవుండే పదార్థంగా మార్చుకోవడం అనే ఒక్క అవసరం చుట్టూ ఊరి ఆకారం, ఇంటి కట్టడం, వంట, పండగ అన్నీ అల్లుకున్నాయి.

ముందు లోయ సంగతి. లౌటర్‌బ్రునెన్ లోయ అడ్డుకోత తీస్తే ఇంగ్లీషు యూ అక్షరంలా ఉంటుంది. నది కోసిన లోయ అయితే వీ ఆకారంలో ఉండేది. ఇక్కడ మంచుయుగాల్లో హిమానీనదం కదులుతూ అడుగును, అంచులను గీరుకుంటూ పోయింది. మంచు కరిగాక మిగిలినవి ఈ నిట్టనిలువు గోడలు. పక్క లోయల నుంచి వచ్చే వాగులకు దిగే దారి లేక అంచు మీంచి దూకుతాయి. ఈ లోయలో 72 జలపాతాలున్నాయని చెప్పుకుంటారు, లెక్క ఎవరు పెట్టారన్నది వేరే ప్రశ్న. ఊరి నెత్తినే పడే స్టౌబ్‌బాఖ్ ఎత్తు 297 మీటర్లు. ఆ పేరులోని స్టౌబ్ అంటే దుమ్ము. గాలి వీస్తే నీళ్లు నేలను చేరేలోపే దుమ్ములా చెదిరిపోతాయి. కింద నిలబడి చూస్తే జలపాతం శబ్దం ఆశించినంత ఉండదు, ముఖం మీద తుంపర మాత్రం పడుతుంది.

హోరు వినాలంటే మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలోని ట్రుమ్మెల్‌బాఖ్‌కు వెళ్లాలి. అక్కడి పది జలపాతాలు కొండ కడుపులో ఉంటాయి. ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రౌ అనే మూడు పెద్ద శిఖరాల మంచు కరిగిన నీరంతా ఆ రాతి సందులోంచే రావాలి. ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకు 20 వేల లీటర్ల దాకా వస్తుందని లెక్క. రాయి అదురుతున్నది అరికాళ్లకు తెలుస్తుంది.

లోయ అడుగు సముద్రమట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తు. రాతి గోడల పైన మళ్లీ మెట్లలాంటి చదును చోట్లున్నాయి. ఒక గోడ మీద 1,270 మీటర్ల ఎత్తున వెంగెన్ ఉంది. ఎదుటి గోడ మీద 1,360 మీటర్ల దగ్గర గిమ్మెల్‌వాల్డ్, ఇంకా పైన 1,640 మీటర్ల దగ్గర మ్యూరెన్. ఈ మూడు ఊళ్లకూ సందర్శకుల కార్లు పోవు. రైలో, కేబుల్ కారో ఎక్కాలి. మ్యూరెన్‌లో సామాను తోపుడు బండి మీద హోటల్‌కు చేరుతుంది. ఇంటి గుమ్మంలో నిలబడితే ఎదురుగా లోయ అవతల 4,158 మీటర్ల యుంగ్‌ఫ్రౌ చెయ్యి చాస్తే అందేటట్టు ఉంటుంది. ఇంత ఎత్తున, ఇంత వాలులో మనుషులు ఊరు కట్టుకుని ఎందుకున్నారు?

దానికి జవాబు పర్వతానికి అవతలి వైపు ఉంది. గిమ్మెల్‌వాల్డ్, మ్యూరెన్ ప్రాంతాలకు మొదట వచ్చి స్థిరపడినవాళ్లు దక్షిణాన వాలె రాష్ట్రంలోని లోట్‌షెన్ లోయవాళ్లు. మంచు కనుమలు దాటి, సుమారు 14వ శతాబ్దం నాటికి ఈ వైపుకు వచ్చారు. లోయలోని మంచి భూములు అప్పటికే మఠాల చేతుల్లో, ఆసాముల చేతుల్లో ఉన్నాయి. వచ్చినవాళ్లకు మిగిలింది ఎవరికీ అక్కర్లేని ఎత్తులు. గోధుమ సరిగా పండని చోట బతకడం వాళ్లకు ముందే తెలుసు. అడవి నరికి గడ్డి పెంచారు.

గడ్డి బతుకుకు ఒక చిక్కుంది. వేసవిలో మంచు కింది నుంచి పైకి కరుగుతూ పోతుంది, గడ్డి కూడా ఆ వరసలోనే మొలుస్తుంది. కాబట్టి ఆవులు, మనుషులు గడ్డి వెంట ఎక్కాలి. మేలో ఊరి నుంచి కాస్త పైనున్న వసంతకాలపు బీడుకు తోలతారు. ఆ బీడును అక్కడివాళ్లు వోర్సాస్ అంటారు. జూన్‌లో ఇంకా పైకి, చెట్లు ఆగిపోయే చోటికి. ఆ ఎత్తైన మేత భూమి పేరే ఆల్ప్. ప్రపంచమంతా ఆల్ప్స్ అంటే శిఖరాలు అనుకుంటుంది గానీ, ఊరివాళ్లకు ఆల్ప్ అంటే ఆవులు మేసే చోటు. అక్కడ మూడు నెలలు, మంచి ఏడాదైతే వంద రోజులు. సెప్టెంబర్‌లో అదే దారిన మెట్టు మెట్టుగా దిగి వస్తారు. దిగేరోజు ఆవుల కొమ్ములకు, నుదుటికి పూలు కట్టి, మెడకు పెద్ద గంటలు వేసి ఊరేగింపుగా తెస్తారు. ఈ వేసవి మేత సంప్రదాయాన్ని 2023 డిసెంబర్‌లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆవులు పైన ఉన్న రోజుల్లోనే కింద అసలు పని. ఊరి చుట్టూ ఉన్న గడ్డి ఒక్క పోచ కూడా అప్పుడు మేపరు, కోసి ఎండబెట్టి దాస్తారు. చలికాలంలో ఆరేడు నెలలు కొట్టంలో కట్టేసిన ఆవుకు అదే ఆధారం. మోయడం కష్టం కాబట్టి గడ్డి కోసిన చోటే చిన్న చెక్క గాదెలు కట్టుకున్నారు. వాలు మీద అక్కడొకటి అక్కడొకటి విసిరేసినట్టు కనిపించే నల్లటి చెక్క పాకలు ఇవే. ఫొటోలకు అవి బొమ్మరిళ్లు. రైతుకు ప్రతి పాకా కొన్ని గడ్డి మోపుల దూరం. గడ్డి మోపులను ఇనుప తీగకు తగిలించి లోయలోకి జార్చే ఏర్పాటు కూడా చాలా చోట్ల ఉండేది, ఆ తీగలు కొన్ని ఇంకా ఉన్నాయి.

ఎవరు ఎన్ని ఆవులను పైకి పంపొచ్చు అన్నదే తగాదాలకు మూలం కావాలి. కాలేదు, ఎందుకంటే కట్టుబాటు చాలా పాతది. వాలెలోని టోర్బెల్ అనే ఊరిలో 1517 నాటి రాత ఒకటుంది. చలికాలమంతా తన సొంత గడ్డితో ఎన్ని ఆవులను సాకగలడో, వేసవిలో ఉమ్మడి బీడుకు అన్నింటినే పంపాలి, అంతకు మించి ఒక్కటి కూడా పంపకూడదు. ఈ ఒక్క వాక్యంతో ఉమ్మడి భూమి పాడవకుండా నిలిచింది. ఎవరి దగ్గర ఎంత ఎండుగడ్డి ఉందో ఊరందరికీ తెలుసు, కాబట్టి దొంగలెక్క చెల్లదు. 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్, ఉమ్మడి వనరులను జనం తామే కాపాడుకోగలరని చూపడానికి వాడిన ఉదాహరణల్లో టోర్బెల్ ఒకటి. మన పల్లెల్లో చెరువు నీటి వంతులు తెలిసినవాళ్లకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది.

ఇప్పుడు ఆల్ప్ మీది పాకలోకి వెళదాం. ఉదయం ఐదింటికే పొయ్యి రాజుకుంటుంది. రాగి గంగాళం ఒక చెక్క దూలానికి వేలాడుతుంది. మంట తగ్గించాలంటే మంట జోలికి పోరు, దూలాన్ని తిప్పి గంగాళాన్నే పక్కకు జరుపుతారు. రాత్రి పితికిన పాలు, పొద్దున పాలు కలిపి 32 డిగ్రీల దాకా, అంటే వేలు పెడితే వేడీ చల్లదనం ఏదీ తెలియనంతగా వెచ్చబెట్టి, పెరుగుకు తోడేసినట్టు కొంచెం తోడు వేస్తారు, రెన్నెట్ కలుపుతారు. రెన్నెట్ అంటే పాలు తాగే దూడ పొట్టలోంచి తీసే పదార్థం. అరగంటకు పాలు మెత్తటి గడ్డగా కడతాయి. దాన్ని తీగలు బిగించిన చట్రంతో, గింజలంత ముక్కలయ్యేదాకా కోస్తారు. ఆ చట్రాన్ని వాళ్లు వీణలాంటి తమ వాద్యం పేరుతోనే హార్ప్ అంటారు. మళ్లీ మంట మీదికి తెచ్చి, కలుపుతూ 50 డిగ్రీల పైకి తీసుకెళతారు. ఎప్పుడు దించాలో థర్మామీటర్ చెబుతుంది, అయినా చీజ్ చేసే మనిషి ఒక గుప్పెడు గింజలు పిండి, చేయి విప్పి, బొటనవేలితో రుద్ది చూస్తాడు. గింజలు అంటుకుని మళ్లీ విడిపోతే సరిపోయినట్టు.

తర్వాతిది చూడాల్సిన పని. పల్చటి గుడ్డ అంచును వంచగలిగే ఇనుప బద్దకు చుట్టి, గంగాళం అడుగు వెంట జార్చి, గింజలన్నింటినీ ఒక్క ఊపులో మూట కట్టి పైకి లాగుతారు. పాల విరుగుడు నీళ్లు ధారగా కారుతుంటాయి. ఆ మూట చెక్క వలయంలోకి, దాని మీద బరువు. మర్నాడు ఉప్పునీళ్లలో ఊరబెట్టి, గదిలో చెక్క అరల మీద పెడతారు. అక్కడితో అయిపోదు. వేసవి మొదట్లో చేసిన ప్రతి చీజ్ చక్రాన్నీ వేసవి చివరిదాకా తిప్పుతూ, ఉప్పునీటి గుడ్డతో తుడుస్తూ ఉండాలి. సుమారు పది లీటర్ల పాలకు ఒక కిలో చీజ్. మిగిలిన విరుగుడు నీళ్లు పందులకు పోస్తారు, అందుకే ఆవులతోపాటు కొన్ని పందులు కూడా వేసవికి కొండెక్కుతాయి.

దీన్ని అక్కడి ఆవకాయ అనుకుంటే తప్పేమీ లేదు. వేసవిలో పుష్కలంగా ఉండి, నిలవుండని వస్తువును ఏడాదికి సరిపడా కట్టిపెట్టుకోవడం రెండింటిలోనూ ఉంది. మన వేడికి పాలు పెరుగై, వెన్నై, నెయ్యిగా నిలిచాయి. వాళ్ల చలిలో పాలు నీళ్లు పోగొట్టుకుని చక్రాలుగా నిలిచాయి. కొండ మీద నుంచి మోసుకుని దిగాలంటే పాలలో పదో వంతు బరువే మిగలడం కూడా చిన్న విషయం కాదు.

ఈ లోయ ఉన్న బెర్న్ రాష్ట్రపు కొండ చీజ్‌కు 2004 నుంచి ప్రాంతీయ గుర్తింపు రక్షణ ఉంది. వేసవిలో, ఆల్ప్ మీద, కాయని పాలతో చేసినదానికే ఆ పేరు. ఏడాదిన్నర, రెండేళ్లు మాగితే అది కత్తికి లొంగదు, చిత్రిక పట్టినట్టు పల్చటి పొరలుగా గీసి, చుట్టలు చుట్టి పెడతారు. దాన్నే హోబెల్‌కేజే అంటారు, హోబెల్ అంటే వడ్రంగి చిత్రిక. నోట్లో వేసుకుంటే ముందు ఉప్పు, తర్వాత వేయించిన పప్పుల రుచి, చివర్లో ఎక్కడో ఎండుగడ్డి వాసన. ఎండుగడ్డి వాసన అనేది ఊహ అని కొట్టిపారేయడానికి లేదు. ఏ ఎత్తులో ఏ మొక్కలు మేసిందన్నదాన్ని బట్టి పాల కొవ్వు మారుతుంది, దానితో రుచీ మారుతుంది.

థున్ సరస్సు పైనున్న యుస్టిస్ లోయలో ఏటా సెప్టెంబర్‌లో చీజ్ పంపకం జరుగుతుంది. వేసవంతా అందరి ఆవుల పాలూ ఒకే గంగాళంలో పడ్డాయి కదా, ఎవరి ఆవు ఎంత ఇచ్చిందో రాసిపెట్టిన లెక్క ప్రకారం చక్రాలను కుప్పలు పోసి, చీట్లు తీసి పంచుకుంటారు. ముందు వరసలోని మంచి కుప్ప నాదే అని ఎవరూ అనడానికి లేకుండా చీటీ. చూడటానికి వేలమంది వస్తారు, కానీ అది వాళ్ల కోసం పెట్టిన వేడుక కాదు.

కొండ ఊరి వంటను ఈ నిలవ సరుకు నుంచే చూడాలి. ఇంట్లో ఏడాది పొడవునా ఉండేవి చీజ్, బంగాళాదుంప, ఎండబెట్టిన మాంసం, గట్టిపడిన రొట్టె. రోష్టి అంటే నిన్న ఉడకబెట్టిన బంగాళాదుంపను తురిమి, వెన్నలో అట్టులా ఒత్తి, అడుగు ఎర్రగా కాలాక తిరగేసింది. బెర్న్ రైతుల పొద్దుటి తిండి అది. జర్మన్ మాట్లాడే స్విస్‌కీ ఫ్రెంచ్ మాట్లాడే స్విస్‌కీ మధ్య గీతను సరదాగా రోష్టి కందకం అంటారు. ఎన్నికల ఫలితాల విశ్లేషణల్లోనూ ఆ మాట వస్తుంది.

ఆల్ప్ కాపరుల వంటకం ఎల్‌ప్లర్‌మగ్రోనెన్. మాకరోనీ, బంగాళాదుంప ముక్కలు, మీగడ, చీజ్ కలిపి వండి, పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయ చల్లుతారు. పక్కన యాపిల్ గుజ్జు. ఉప్పటి చీజ్ పక్కన తియ్యటి గుజ్జు ఏమిటని మొదట మొహం చిట్లించినవాళ్లే మూడో ముద్దకు గిన్నె దగ్గరికి లాక్కుంటారు. 1870లలో గొట్టార్డ్ సొరంగం తవ్వడానికి వచ్చిన ఇటలీ కూలీలతో మాకరోనీ ఈ కొండల్లోకి వచ్చిందని చెబుతారు. అది ఎంతవరకు నిజమైనా, కాపరి దాన్ని ఎందుకు పట్టుకున్నాడో మాత్రం తేలికగానే తెలుస్తుంది. ఎండిన పిండి పదార్థం, బరువు తక్కువ, పాడవదు. మీగడ, చీజ్ పైన ఉండనే ఉన్నాయి.

కరిగించిన చీజ్‌లో రొట్టె ముంచుకు తినే ఫాండ్యూ విషయంలో కాస్త కథ ఉంది. ప్రతి స్విస్ కొండ ఇంట్లో తాతల నాటి నుంచి వండుతున్నది అన్నట్టు అమ్ముతారు గానీ, అది నిజానికి పశ్చిమాన ఫ్రెంచ్ మాట్లాడే ప్రాంతాల వంటకం. 1930లలో చీజ్ ఎగుమతులు పడిపోయి నిల్వలు పేరుకున్నప్పుడు, స్విస్ చీజ్ యూనియన్ దాన్ని జాతీయ వంటకంగా దేశమంతా ప్రచారం చేసింది. 1914లో పుట్టి 1999లో మూతపడిన ఈ సంస్థ చీజ్ ధరనూ అమ్మకాన్నీ గుప్పిట్లో పెట్టుకుంది. ఫాండ్యూ బాగుంటుంది, మనసును బాగుచేస్తుంది అనే వాళ్ల నినాదం పొట్టి రూపంలో ఇప్పటికీ జనం నోళ్లలో ఉంది. ప్రచారంతో వచ్చిందైనా నిలబడింది, ఎందుకంటే మంచు కురిసే రాత్రి నలుగురు ఒకే కుండ చుట్టూ కూర్చోవడానికి అంతకంటే సాకు అక్కర్లేదు. కుండకు వెల్లుల్లి రుద్ది, తెల్ల వైన్‌లో గ్రుయేర్, వాష్రాన్ చీజ్‌లు కరిగించి, చెర్రీ సారా కొంచెం పోస్తారు. రొట్టె ముక్కను పొడుగు ఫోర్కుకు గుచ్చి అడుగుదాకా తిప్పాలి, లేకపోతే అడుగంటుతుంది. చివర్లో అడుగున మాడీ మాడకుండా మిగిలే పెచ్చు కోసం పోటీ ఉంటుంది. మన ఇళ్లలో గిన్నె అడుగు మాడుపెచ్చు కోసం పిల్లలు కొట్టుకున్నట్టే. రాక్లెట్ కూడా ఇక్కడిది కాదు, వాలె రాష్ట్రానిది. చీజ్ సగం చక్రాన్ని మంట ముందు పెట్టి, కరిగిన పైపొరను ఉడికిన బంగాళాదుంప మీదికి గీకుతారు.

శాకాహారులకు ఒక మాట. మాంసం లేదు కదా అని ఫాండ్యూ తినే తెలుగువాళ్లలో చాలామందికి రెన్నెట్ సంగతి తెలియదు. గ్రుయేర్ లాంటి సంప్రదాయ చీజ్‌లలో దూడ రెన్నెట్ తప్పనిసరి. వైన్, సారా సరేసరి. పట్టింపు ఉన్నవాళ్లకు రోష్టి మేలు, అదీ పంది కొవ్వులో కాకుండా వెన్నలో వేయించారా అని అడిగాకే. భోజనం ఖరీదు ఎలాగూ గుండె గుభేలుమనిపిస్తుంది, ఒక మనిషి ఫాండ్యూకు 30 ఫ్రాంకుల దరిదాపుల్లో అవుతుంది. నీళ్లకు మాత్రం పైసా అక్కర్లేదు. ఊరి మధ్య చెక్క తొట్టిలోకి పడే ధార తాగే నీరే, తాగకూడదు అని బోర్డు ఉంటే తప్ప. గిమ్మెల్‌వాల్డ్‌లో మనిషే లేని కొట్టు ఉంది. వస్తువు తీసుకుని డబ్బు పెట్టి పోవడమే. దారి పక్క ఫ్రిజ్‌లో చీజ్ ముక్కలు పెట్టి, పక్కన డబ్బుల డబ్బా ఉంచే ఇళ్లు ఈ కొండల్లో చాలా ఉన్నాయి.

ఊరి వాతావరణం అంటే సగం చప్పుడే. ఆవు మెడ గంటల్లో రెండు రకాలు, రేకు వంచి కొట్టినవి, పోత పోసినవి. రేకు గంట బొంగురుగా దొర్లుతుంది, పోత గంట ఖంగుమంటుంది. మంచు పొగ కమ్మినప్పుడు ఆవు ఎటుందో కాపరికి తెలియాలని కట్టినవి. ఇప్పుడు మైదాన ప్రాంతపు ఊళ్లలో కొత్తగా అపార్టుమెంట్లలో దిగినవాళ్లు రాత్రి గంటల మోత మీద ఫిర్యాదులు చేస్తున్నారు. బెర్న్ రాష్ట్రంలోని ఆర్‌వాంగెన్‌లో 2023లో అది ఊరి సభ దాకా వెళ్లింది, ఊరు గంటల వైపే నిలబడింది. గంటలు, నీళ్ల హోరు తీసేస్తే ఊరు నిశ్శబ్దం. ఆదివారం సుత్తి చప్పుడు కూడా వినిపించదు. గడ్డి ఎండిన రోజు, సాయంత్రానికి వాన ఉందని తెలిసిన రోజు మాత్రం ఆదివారమైనా అందరూ వాలు మీదే ఉంటారు.

కిటికీల్లోని ఎర్రటి జెరేనియం పూలు స్విస్ ఊరికి బొట్టు పెట్టినట్టుంటాయి. ఆ మొక్క దక్షిణాఫ్రికాది. రోష్టిలోని బంగాళాదుంప దక్షిణ అమెరికాది. సంప్రదాయం అనే మాట దగ్గర కాస్త తడుముకోవాల్సిన సంగతులివి.

ఫ్యోన్ అనే గాలి గురించి చెప్పకపోతే ఈ ఊళ్ల మూడ్ సగమే తెలుస్తుంది. దక్షిణం నుంచి కొండ దాటి దిగే వెచ్చటి పొడి గాలి అది. అది వీచే రోజు ఆకాశం కడిగినట్టుంటుంది, శిఖరాలు ఒక్కసారిగా దగ్గరికి జరిగినట్టుంటాయి. టూరిస్టులకు పండగ. ఊరివాళ్లకు తలనొప్పి, టెన్షన్. ఊరంతా ఎండిన చెక్క కదా. పక్క లోయలోని మైరింగెన్ 1879లో ఒకసారి, 1891లో మరోసారి ఫ్యోన్ గాలికి తగలబడింది. 1892లో గ్రిండెల్‌వాల్డ్‌లో చాలా భాగం కాలిపోయింది. ఆ గాలి రోజుల్లో రాత్రంతా ఊరు తిరిగే నిప్పు కాపలాదారులు ఈ లోయల్లో పాత అలవాటు.

ఇంత కష్టపడి గడ్డి కోసేవాళ్లకు దాంతో ఇల్లు గడుస్తుందా? గడవదు. ఇక్కడే స్విస్ ప్రభుత్వం వస్తుంది. 1996లో ఓటర్లు ఆమోదించిన రాజ్యాంగ అధికరణ ప్రకారం వ్యవసాయం బాధ్యత తిండి పండించడంతో తీరదు. ప్రకృతి వనరులను, పల్లె భూదృశ్యాన్ని కాపాడటం, దేశమంతా జనం చెదిరి నివసించేలా చూడటం కూడా దాని పనే. అందుకే వాలు 18 శాతం దాటితే ఒక రేటు, 35 దాటితే ఇంకో రేటు, 50 దాటితే ఇంకా ఎక్కువ చొప్పున కోసే పొలానికి డబ్బిస్తారు. ఆల్ప్ మీదికి ఆవులను పంపినందుకు విడిగా ఇస్తారు. 2014 నుంచి భూదృశ్య నాణ్యత పేరుతోనే ఒక చెల్లింపు మొదలైంది. ఇది సబ్సిడీ అని తిట్టేవాళ్లున్నారు. కానీ హోటళ్లు, రైళ్లు అమ్ముకుంటున్న దృశ్యాన్ని తయారుచేసే మనిషికి కూలి ఇస్తున్నారనుకుంటే లెక్క వేరేలా కనిపిస్తుంది. డబ్బిచ్చినా నిలవని చోట్లున్నాయి. దూరపు ఆల్ప్‌లను వదిలేస్తున్నారు, అక్కడ ఆల్డర్ పొదలు దట్టంగా కమ్ముతున్నాయి. ఈ దేశంలో అడవి పెరుగుతున్నది ఎక్కువగా ఆల్ప్స్‌లోనే.

టూరిజం సంగతి క్లుప్తంగా. మ్యూరెన్‌కు 1891లో, వెంగెన్‌కు 1893లో రైలు వచ్చింది. 3,454 మీటర్ల ఎత్తున యుంగ్‌ఫ్రౌయోఖ్ స్టేషన్ 1912లో తెరిచారు, ఐగర్ కడుపులోంచి తవ్విన సొరంగం గుండా. 1922లో ఆధునిక స్లాలమ్, అంటే పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ జారే స్కీ పోటీ, మ్యూరెన్ వాలు మీద పుట్టింది. గడ్డి లేని నెలలకు కూడా ఆదాయం దొరికింది. ఇప్పుడు సమస్య ఎక్కువైన ఆదాయానిది. సుమారు 2,400 మంది ఉండే లౌటర్‌బ్రునెన్ పంచాయతీలో వేసవి రోజుల్లో రోడ్డు కదలదు. పగలు కారులో వచ్చి ఫొటో తీసుకుని వెళ్లేవాళ్ల నుంచి ప్రవేశ రుసుము తీసుకోవాలా అని 2024లో చర్చ నడిచింది. అద్దె ఇళ్లు దొరక్క హోటళ్లలో పనిచేసేవాళ్లే లోయ బయటి నుంచి రావాల్సి వస్తోంది. ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసి ఉండే సెలవు ఇళ్లను అక్కడివాళ్లు చల్లటి పడకలు అంటారు. ఏ ఊళ్లోనూ ఇలాంటి ఇళ్లు 20 శాతం మించకూడదని 2012 మార్చిలో దేశమంతా ఓటేసి తీర్మానించింది. 50.6 శాతంతో గట్టెక్కింది. కొండ రాష్ట్రాలు వ్యతిరేకించాయి, వాళ్ల భూమి ధరలు దాని మీదే ఉన్నాయి మరి.

పైన మంచు కూడా మారుతోంది. స్విస్ హిమానీనదాలు 2022, 2023 రెండేళ్లలోనే తమ మంచులో పదో వంతు కోల్పోయాయి. మ్యూరెన్ వాళ్ల పూర్వీకులు వచ్చిన లోట్‌షెన్ లోయలో బ్లాటెన్ అనే ఊరుంది, సుమారు 300 మంది. 2025 మేలో పైనున్న శిఖరం నుంచి రాళ్లు బిర్ష్ హిమానీనదం మీద పడటం మొదలైంది. శాస్త్రవేత్తల మాట విని 19న ఊరు ఖాళీ చేయించారు. పశువులను కూడా దించారు, ఒక ఆవును హెలికాప్టర్‌లో తరలించారు. 28 మధ్యాహ్నం హిమానీనదం మొత్తంగా కూలి ఊళ్లో చాలా భాగాన్ని పూడ్చేసింది. ఖాళీ చేసిన ప్రాంతం బయట ఉన్న ఒక మనిషి ప్రాణం పోయింది. తర్వాత కొద్ది రోజులకే స్విస్ పత్రికల్లో ఒక ప్రశ్న వచ్చింది: ఇంత ఖర్చు పెట్టి ఇంత ఎత్తున ఊళ్లను నిలపడం అవసరమా? బ్లాటెన్ వాళ్లు తమ ఊరిని మళ్లీ ఆ లోయలోనే కడతామన్నారు.

ఆ ప్రశ్న అడిగిన రోజులే పర్వతానికి ఈ వైపు ఆవుల మెడకు గంటలు కట్టి వోర్సాస్‌కు తోలే రోజులు.